నాన్నకు వినిపించని పిట్ట

మా అమ్మ వంటింట్లోంచి "ఆ పసుపు డబ్బా ఇటివ్వండి" అంది. నాన్న లేచి వెళ్లి పప్పు డబ్బా తెచ్చిచ్చాడు. అమ్మ నవ్వింది, నేనూ నవ్వాను. నాన్న మాత్రం "నోట్లో నోట్లో గొణిగితే ఎవరికి అర్థమవుద్ది" అని విసుక్కుని వరండాలోకి వెళ్లిపోయాడు.

సంక్రాంతికి ఊరెళ్లిన మొదటిరోజు సంగతి ఇది. అప్పటికి అది మా ఇంట్లో జోకు. కనుమ మర్నాడు నేలపట్టు చెరువు గట్టు మీద నిలబడినప్పుడు గానీ అది జోకు కాదని నాకు అర్థం కాలేదు.

మాది నాయుడుపేట పక్కన ఒక పల్లె. నేను చెన్నైలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నా. సూళ్లూరుపేట దాకా సబర్బన్ రైళ్లున్నాయి, అక్కణ్నుంచి ఇంకో బండి పట్టుకుంటే ఇల్లు. ఇంత దగ్గరలో ఉండి కూడా నేలపట్టు పక్షుల్ని చూసి పదిహేనేళ్లు దాటింది. చిన్నప్పుడు నాన్న సైకిల్ ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని తీసుకెళ్లేవాడు. ఈసారి నేను బండి మీద ఆయన్ని తీసుకెళ్లాలనుకున్నా. దానికి కారణం మాత్రం నాన్న కాదు, నా ఫోన్లో కొత్తగా చేరిన పిట్టల యాప్.

ఈ యాప్‌ల గురించి తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. పక్షి పేరు తెలుసుకోవాలంటే ఒకప్పుడు లావుపాటి పుస్తకం, ఓపిక, పక్కన తెలిసిన మనిషి ఉండాల్సి వచ్చేది. ఇప్పుడా పుస్తకం ఫోన్లోకి వచ్చేసింది. అమెరికాలో కార్నెల్ యూనివర్సిటీ పక్షి శాస్త్ర కేంద్రం వాళ్లు 2014లో మెర్లిన్ అనే యాప్ తెచ్చారు. ఎక్కడ చూశావు, ఎప్పుడు చూశావు, ఎంత సైజు, ఏ రంగులు, ఏం చేస్తోంది అని ఐదు ప్రశ్నలు అడుగుతుంది. ఆ ఊళ్లో, ఆ నెలలో కనబడే పక్షుల్లోంచి సరిపోయే వాటిని ముందు పెడుతుంది. తర్వాత ఫొటో చూసి చెప్పడం నేర్చింది. 2021 నుంచి కూత విని కూడా చెబుతోంది. అదే కార్నెల్ వాళ్లు జర్మనీ యూనివర్సిటీ ఒకదానితో కలిసి చేసిన బర్డ్‌నెట్ ఇంకొకటి ఉంది. నా ఫోన్లో ఉన్నది ఈ కోవలోదే ఒకటి. ఆఫీసులో పక్క సీటు స్నేహితుడు వేసిపెట్టాడు. చెన్నైలో మా అపార్ట్‌మెంట్ బాల్కనీలో అది నాకు కాకి, పావురం, చిలక, గోరింక చూపించేది. ఇక నేర్చుకోడానికి ఏముందక్కడ! పిట్టలున్న చోట దాన్ని వాడి చూడాలని చేతులు దురద పెట్టాయి.

భోగి మర్నాడు పొద్దున్నే పెరట్లో కుర్చీ వేసుకుని యాప్ ఆన్ చేశా. మాకు పెరట్లో ఒక మామిడి చెట్టు, పక్కన మునగ, ప్రహరీ వారగా మందారాలు ఉన్నాయి. నిమిషం తిరక్కుండా తెరమీద పేర్లు ఒక్కొక్కటే వచ్చాయి. పిగిలిపిట్ట. జెముడుకాకి. గువ్వ. తేనెపిట్ట. చివర్న ఎప్పుడూ వినని పేరొకటి: ఫ్లవర్‌పెకర్. మన వేలంత ఉండే పిట్ట. పేర్లన్నీ ఇంగ్లీషులో వస్తాయి, నేను చదువుతుంటే నాన్న పక్కన టీ తాగుతూ తెలుగులో చెబుతున్నాడు. మొదటి మూడింటికీ తలూపాడు. నాలుగోదానికి, ఐదోదానికి మాత్రం "ఎక్కడుండాయి రా? ఏమీ కుయ్యలేదే. నీ ఫోను అబద్ధాలు చెప్తా ఉంది" అన్నాడు.

నాకు మాత్రం రెండూ వినిపిస్తున్నాయి. మామిడి కొమ్మల్లోంచి టిక్ టిక్ టిక్ అని సన్నగా. మునగ పూల మీద తేనెపిట్ట అయితే గొంతు చించుకుంటోంది.

అప్పుడు నేనొక తెలివితక్కువ పని చేశా. యాప్‌లో ప్రతి పక్షి పేరు కింద దాని కూత రికార్డింగులుంటాయి. తేనెపిట్ట కూత ఫుల్ వాల్యూమ్‌లో పెట్టి "ఇదిగో, ఇదే నాన్నా" అన్నా. నాన్న ఫోన్ని చెవి దగ్గర పెట్టుకుని, "వాల్యూము పెంచు, ఏదో గరగర తప్ప రావట్లా" అన్నాడు. వంటింట్లోంచి అమ్మ "ఆపరా ఆ కీచుకీచు, చెవులు పోతున్నాయి" అని అరిచింది. ఈలోపు మునగచెట్టు మీది మగపిట్ట సర్రున దిగొచ్చింది. నాన్న తలమీదుగా రెండుసార్లు తిరిగి, మందారం కొమ్మ మీద వాలి, ఒళ్లంతా ఊపుకుంటూ మా మీద అరవడం మొదలెట్టింది. తన జాగాలోకి ఇంకొకడు వచ్చాడనుకుంది పాపం.

నాన్న ఫోనుకేసి చూశాడు, పిట్టకేసి చూశాడు. ఫోను నా చేతిలో పెట్టి, "ఎందుకు రా దాన్ని ఏడిపిస్తావు? ఎవడో మనింట్లోకొచ్చి నీ గొంతుతో అరిస్తే నువ్వు గమ్మునుంటావా?" అని గ్లాసు తీసుకుని లోపలికెళ్లిపోయాడు. పిట్ట మీద జాలితో అలా అన్నాడనుకున్నా. ఆ మాట నిజం కూడా. గూళ్లు పెట్టే కాలంలో ఇలా కూతలు వినిపిస్తే తల్లిపక్షులు గుడ్లనీ పిల్లల్నీ వదిలి లేని శత్రువు కోసం తిరుగుతాయి. ఆ రోజు తర్వాత బయట ఎక్కడా ఆ బటన్ నొక్కలేదు, వినాలంటే ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంటున్నా.

సాయంత్రం ఆ ఫ్లవర్‌పెకర్ గురించి యాప్‌లో చదువుతుంటే ఒక తమాషా బయటపడింది. మా మామిడి చెట్టుకి ఏటా బదనిక పడుతుంది. నాన్న ఏటా కత్తి కట్టిన గెడతో దాన్ని నరుకుతాడు, మళ్లీ ఏడాదికి ఇంకో కొమ్మన మొలుస్తుంది. ఎక్కణ్నుంచి వస్తుందో తెలియక ఆయన చెట్టు కొన్న నర్సరీనే తిట్టేవాడు. ఈ బుల్లిపిట్టకి బదనిక పండ్లంటే ప్రాణం. వాటి గింజలు జిగురుగా ఉంటాయి. తిన్నాక పిట్ట వాటిని కొమ్మకేసి రుద్ది అంటించి పోతుంది, అక్కడే కొత్త బదనిక మొలుస్తుంది. ఈ మాట చెప్పగానే నాన్న మొహం వెలిగిపోయింది. "ఇరవయ్యేళ్లుగా నేను నరుకుతుంటే వెనకమాలే నాటతా ఉండేది ఇదన్నమాట! దొంగముండ. ఒక్కసారీ కంటబడలా." కంటబడకపోవడానికి కారణం ఆ రాత్రి నాకు తట్టలేదు. అంత చిన్న పిట్టని ఎవరైనా ముందు చెవితోనే పట్టుకుంటారు.

కనుమ మర్నాడు తెల్లారి ఆరింటికి బయల్దేరాం. హైవే మీద చెన్నై వైపు వచ్చి, దొరవారిసత్రం దగ్గర తిరిగితే నేలపట్టు. జనవరిలో ఆ దారి చూడ్డానికి బాగుంటుంది. రెండువైపులా పచ్చని వరి, మంచు ఇంకా మడుల మీద నుంచి లేవలేదు.

నేలపట్టుని 1976లో పక్షుల అభయారణ్యంగా ప్రకటించారు. మొత్తం కలిపి దాదాపు 459 హెక్టార్లు. అసలు సరుకంతా చెరువులో ఉంది. నీళ్లలో మొలదాకా మునిగి నిలబడే కడప చెట్లు, ఆ చెట్ల మీద గూళ్లు. ఈశాన్య రుతుపవనాలకి చెరువు నిండగానే అక్టోబరు నుంచి పక్షులు దిగుతాయి. గూళ్లు కట్టి, పిల్లల్ని పెంచి, ఎండలు ముదిరేలోపు వెళ్లిపోతాయి. ఊరివాళ్లు వీటిని ఏమీ అనరు. పక్షులొస్తేనే వానలొచ్చినట్టు లెక్క. వాటి రెట్టలు కలిసిన చెరువు నీళ్లు పారితే పైరుకి ఎరువు తగ్గించుకోవచ్చని కూడా అంటారు. ఏ చట్టం రాకముందు నుంచీ ఈ పక్షుల్ని కాపాడింది ఆ ఊళ్లే.

గట్టెక్కగానే ముందు వాసన, తర్వాత చప్పుడు. వందలకొద్దీ పిల్లలు ఆకలికి అరిచే అరుపు. చెట్లు రెట్టలతో సున్నం కొట్టినట్టున్నాయి. ప్రతి కొమ్మ చివరా ఒక గూడబాతు. రెక్కలు చాపితే రెండు మీటర్లు దాటే పక్షి, అంత పల్చటి కొమ్మ మీద ఎలా నిలబడుతుందో చూసి తీరాల్సిందే. పిల్ల ఏకంగా తల్లి గొంతుసంచిలోకి మెడదాకా తల దూర్చి చేపలు లాక్కుంటోంది. పక్క చెట్ల మీద ముక్కు మధ్యలో సందున్న గుల్లకొంగలు, తెల్ల కంకణాలు, నీటికాకులు, ఆకుల చాటున ఎర్రకళ్ల చింతవక్కలు.

యాప్‌లో గూడబాతు పేజీ తెరిచా. చిన్నప్పుడు బడిలో ఇవి సైబీరియా నుంచి వస్తాయని చెప్పారు, నేను పరీక్షలో రాశాను కూడా. యాప్‌లోని మ్యాప్ చూస్తే సైబీరియా ఊసే లేదు. ఈ గూడబాతు దక్షిణాసియాది. మన దేశంలో, శ్రీలంకలో, కంబోడియాలో గూళ్లు పెడుతుంది. ఆ చలిదేశాల నుంచి వచ్చేది అదే చెరువులో పక్కన తేలుతున్న సూదితోక బాతులు. "మన ఊరి పక్షేనా?" అన్నాడు నాన్న. "మన ఊరిదే." "మరి ఇన్నాళ్లూ చుట్టాల్ని చూసినట్టు చూస్తిమే" అని నవ్వాడు.

ఆయన మంచి హుషారుగా ఉన్నాడు. నేను ఫోన్ చూసి చెప్పేలోపే ఆయన చెట్టుకేసి చూసి చెప్పేస్తున్నాడు. గట్టు అవతల పొలంలో గేదెలు మేస్తున్నాయి, వాటి కాళ్ల దగ్గర గోరింకల గుంపు పురుగులు ఏరుకుంటోంది. యాప్ తెరమీద ఠక్కున డేగ పేరు వెలిగింది. "నాన్నా, డేగ" అంటూ నేను ఆకాశంలో వెతుకుతున్నా. గోరింకలు కూడా ఒక్కసారిగా లేచిపోయాయి. నాన్న మాత్రం గేదె వీపుకేసి చూపించాడు. "డేగ కాదు, పాడు కాదు. అదిగో, పసులపోలిగాడు." నల్లగా, తోక చీలిన పిట్ట గేదె మీంచి దూకి, గోరింకలు వదిలేసిన పురుగుని తన్నుకుపోయి మళ్లీ గేదె వీపెక్కింది. "వీడు డేగ కూత కూస్తాడు. గోరింకలు భయపడి లేస్తాయి. వాటి తిండి వీడు తింటాడు. నీ ఫోన్ని కూడా లేపేశాడు చూడు."

ఆ రాత్రి చదివా. నాన్న చెప్పింది అక్షరాలా నిజం, పక్షి శాస్త్రం పుస్తకాల్లోనూ ఉంది. యాప్ తప్పు చెప్పిందనను. దానికి వినిపించింది డేగ కూతే. కూసింది ఎవరో చూడ్డానికి దానికి కళ్లు లేవు. అందుకే ఈ యాప్‌లు చేసేవాళ్లే చెబుతుంటారు, తెరమీద వచ్చేది సూచన మాత్రమే, కంటితో చూసి గానీ లెక్కల్లో రాయొద్దని. నాన్నకి యాప్ మీద గెలిచినంత సంతోషం. అదే ఊపులో మేం గట్టు చివర మెట్ల దగ్గరికొచ్చి కూర్చున్నాం.

అక్కడే జరిగింది. నీళ్లమీద నీలంరంగు గీత గీసినట్టు చిన్న లకుముకిపిట్ట ఒకటి మా ముందునుంచి దూసుకుపోయి, అవతల గుంజ మీద వాలింది. వెళ్తూ వెళ్తూ "చీ... చీ" అని సూదిలాంటి కూత కూసింది. యాప్‌లో పేరు వెలిగింది. నాన్న దాన్నే చూస్తూ, "ఇది కూసుకుంటా గదా పోయేది. ఇయ్యాల గమ్మున పోయిందేంది?" అన్నాడు.

నేను ఏమనాలో తెలియక ఒక క్షణం ఆగి, "కూసింది నాన్నా" అన్నా.

ఆయన నా వైపు తిరగలేదు. లకుముకి మళ్లీ ఎగిరింది, మళ్లీ కూసింది. నాన్న దాని ముక్కుకేసే చూస్తున్నాడు. తర్వాత చెయ్యి చాపాడు. "ఏదీ, ఆ ఫోనిటియ్యి."

యాప్ కూత వింటున్నంతసేపూ తెరమీద ఒక బొమ్మ కదులుతూ ఉంటుంది. దాన్ని స్పెక్ట్రోగ్రామ్ అంటారు. ఎడమనుంచి కుడికి కాలం, కిందనుంచి పైకి స్వరం. లావు గొంతులు కింద గీతలుగా పడతాయి, సన్నగొంతులు పైన పడతాయి. నిజానికి యాప్ వినదు, ఈ బొమ్మని చూస్తుంది. మనుషులు పేర్లు రాసి పెట్టిన వేలవేల రికార్డింగుల బొమ్మల్ని దానికి ముందే చూపించి ఉంటారు. ఏ పిట్ట గీత ఏ ఆకారంలో ఉంటుందో అది నేర్చుకుంటుంది. నా చదువుకి ఇది తెలిసిన విషయమే. ఆ బొమ్మని నాన్న చూసిన చూపు మాత్రం నేనెప్పుడూ చూడలేదు.

నాన్న ముప్పయ్యేళ్లు రైసుమిల్లు డ్రైవరు. మిల్లు డ్రైవరంటే లారీ నడిపేవాడు కాదు, మిల్లులో మిషన్లన్నీ నడిపేవాడు. మీటర్లు చూడ్డం ఆయనకి వెన్నతో పెట్టిన విద్య. పది నిమిషాలు కదలకుండా ఫోన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. జెముడుకాకి హూప్ హూప్ అన్నప్పుడు కింద గీతలు పడ్డాయి, ఆయన తలూపాడు. గూడబాతు పిల్లలు అరిచాయి, తలూపాడు. లకుముకి కూసింది, తెర పైభాగంలో గీత పడింది. ఆయన తల కదల్లేదు. తుమ్మచెట్టులో తేనెపిట్ట కూసింది, మళ్లీ పైనే గీతలు, మళ్లీ తల కదల్లేదు. ఆఖరికి బొటనవేలి గోరుతో తెర మధ్యలో అడ్డంగా గీత గీసినట్టు చూపించి, "దీనికి కిందివి నాకున్నాయి. పైవి లేవు" అన్నాడు.

అంతే అన్నాడు. మిషన్లో ఏ భాగం పోయిందో చెప్పినట్టు చెప్పాడు.

అక్కణ్నుంచి సూళ్లూరుపేట వచ్చి, భోంచేసి, శ్రీహరికోట రోడ్డెక్కాం. పులికాట్ సరస్సు మధ్యలోంచి పోతుందా రోడ్డు. చిలికా తర్వాత మన దేశంలో అంత పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. దీని అసలు పేరు ప్రళయకావేరి, మా వైపు పెద్దవాళ్లు ఇప్పటికీ ఆ మాటే అంటారు. అటకానితిప్ప దాటాక బండి పక్కన ఆపి కూర్చున్నాం. దూరంగా లోతులేని నీళ్లలో ఫ్లెమింగోలు. తల కిందులుగా పెట్టి, ముక్కుతో నీళ్లు వడగట్టుకుంటూ నడుస్తున్నాయి. వాటికి ఆ గులాబీరంగు అలా వడగట్టి తిన్న నాచు నుంచి, రొయ్యజాతి పురుగుల నుంచే వస్తుంది. అంత దూరానికి ఫోన్ కెమెరా చాలదు, కూతా అందదు. యాప్‌తో పనిలేదని జేబులో పెట్టేశా.

గాలి తప్ప ఏ చప్పుడూ లేదు. నాన్న చాలాసేపటికి నోరు విప్పాడు. "నేను మిల్లు మానేసింది మోకాళ్ల నొప్పులకి కాదు రా."

రెండేళ్ల కిందట మానేశాడు. ఇంట్లో అందరికీ మోకాళ్లనే చెప్పాడు, అమ్మకి కూడా.

మిల్లు నడిపేవాడికి చెవే పెద్ద పనిముట్టు. బెల్టు వదులైతే ఒక చప్పుడు, షెల్లర్‌లో రబ్బరు అరిగితే ఒక చప్పుడు, బేరింగ్ పోబోయే ముందు సన్నగా కీచుమంటుంది. అది వినపడగానే స్విచ్ ఆపాలి. "ఒకరోజు ఎలివేటర్ బేరింగు కీచుమంటా ఉండాదని పని నేర్చుకునే పిలగాడు పరిగెత్తుకొచ్చినాడు. నేను దాని పక్కనే నిలబడి ఉండా. నాకు వినపళ్లా. వాడు ఆపకపోతే బెల్టు కాలిపోయి ఉండు. వాడు అన్నా అన్నా అని నా మొహంలోకి చూసినాడు. ఆ నెలాఖరుకి మానేసినా."

నేను ఇంజనీరింగ్ చదివింది ఆ మిల్లు జీతంతో. సెలవుల్లో క్యారియర్ ఇవ్వడానికి వెళ్లినప్పుడు ఆ హోరులో నేను రెండు చెవులూ మూసుకుని నిలబడేవాణ్ని. ఆయన మూసుకోడానికి ఏమీ ఉండేది కాదు. మూసుకుంటే మిషన్ మాట వినపడదు. ఈ లెక్క నాకెప్పుడూ తట్టలేదు. పప్పు డబ్బా తెస్తే నవ్వాను.

చీకటి పడేలోపు ఫ్లెమింగోలు ఒక వరసగా లేచి లోపలికెళ్లిపోయాయి. ఇంటికొచ్చే దారిలో "చెవి డాక్టరుకి చూపిద్దాం" అని నేననలేదు. ఇంటి ముందు బండి దిగుతూ ఆయనే అన్నాడు, "చెన్నైలో చూపించేదానికి ఎంతవుద్దో కనుక్కో."

ఫిబ్రవరిలో తీసుకెళ్లా. గాలి చప్పుడు కూడా రాని గదిలో కూర్చోబెట్టి, చెవులకి హెడ్‌ఫోన్ పెట్టి, ఒక్కో స్వరం వినిపించి, వినపడితే బటన్ నొక్కమంటారు. అయ్యాక ఒక కాగితం మీద గ్రాఫ్ గీసిస్తారు. లావు స్వరాల దగ్గర గీత బాగానే ఉంది. నాలుగు వేల హెర్ట్జ్ దగ్గరికొచ్చేసరికి బావిలో పడ్డట్టు దిగిపోయింది. చప్పుళ్లలో పనిచేసినవాళ్లకి మొదట దెబ్బ తగిలేది అక్కడేనట, వయసు దానికి తోడవుతుంది. మాటల్లో స, శ, చ, ఫ లాంటి అక్షరాల పదునంతా ఆ పై స్వరాల్లోనే ఉంటుంది. అందుకే ఇలాంటివాళ్లకి మాట వినిపిస్తుంది, కానీ ఏ మాటో తెలియదు. పసుపులో 'సు' రాలిపోతే మిగిలేది పప్పుకి దగ్గరే కదా. "గొణుగుతున్నారు" అని వాళ్లు విసుక్కోవడం మొండితనం కాదు, వాళ్లకి అలాగే వినపడుతుంది. మీ ఇంట్లో పెద్దవాళ్లెవరైనా తరచూ ఆ మాట అంటుంటే ఒకసారి పరీక్ష చేయించండి.

నాన్న ఆ గ్రాఫ్ చూసి "ఇది ఆ పిట్టల బొమ్మే గదా, పక్కకి తిప్పినారు" అన్నాడు. పరీక్ష చేసినావిడకి అర్థం కాలేదు. నాకర్థమైంది.

పోయిన చెవి తిరిగి రాదని చెప్పారు. లోపలి చెవిలో సన్నటి వెంట్రుకల్లాంటి కణాలుంటాయి, అవి మనుషులకి ఒకసారి చస్తే మళ్లీ మొలవవు. ఇంటికొచ్చి దాని గురించి చదువుతుంటే ఇంకో సంగతి తెలిసింది. పక్షులకి అవి మళ్లీ మొలుస్తాయి! పెద్ద చప్పుళ్లకి చెవి దెబ్బతిన్న పక్షికి కొన్నాళ్లకి కొత్త కణాలు పుడతాయని 1988లో శాస్త్రవేత్తలు బయటపెట్టారు. అదెలా జరుగుతుందో తెలుసుకుంటే మనుషులకీ దారి దొరుకుతుందేమోనని అప్పట్నుంచీ పరిశోధనలు సాగుతున్నాయి. నాన్నకి చెప్తే, "పిట్టకి కూతే బతుకు. దానికిచ్చినాడు దేవుడు" అన్నాడు.

వినికిడి మిషన్లు కొన్నాం. మొదటి వారం పెట్టుకోలేకపోయాడు. గిన్నెల చప్పుడు, కుక్కర్ విజిల్, తన చెప్పుల చప్పుడు కూడా ఎక్కువైపోయిందని తీసి అల్మరాలో పెట్టాడు. రోజుకి గంట, రెండు గంటలు అంటూ మెల్లగా అలవాటు చేసుకుంటున్నాడు. ఇప్పుడు అమ్మ పసుపడిగితే పసుపే వస్తోంది, చాలావరకు.

నేలపట్టు వెళ్లాలనుకునేవాళ్లకి ఒక మాట. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి సమయం, పొద్దున్నే వెళ్లండి. యాప్‌లో మన ప్రాంతం పక్షుల ప్యాక్ ఇంట్లోనే డౌన్‌లోడ్ చేసుకుంటే సిగ్నల్ లేకపోయినా పనిచేస్తుంది. గూళ్ల దగ్గరికి పోవద్దు, కూతలు పెట్టి పిలవొద్దు. వీలైతే ఇంట్లో పెద్దవాళ్లని తీసుకెళ్లండి. యాప్ దగ్గర లేని పేర్లు వాళ్ల దగ్గరుంటాయి.

మార్చిలో ఇంటికెళ్లినప్పుడు నాన్న ఒక పాత నోటుబుక్కు చూపించాడు. మిల్లులో రోజూ ఎన్ని బస్తాలు ఆడాయో రాసుకునే లెడ్జర్, సగం ఖాళీగా మిగిలింది. దాంట్లో స్కేలుతో గళ్లు గీసి తేదీ, పిట్ట, 'నాకు', 'ఫోనుకి' అని రాసుకున్నాడు. తన ఫోన్లో కూడా యాప్ వేయించుకున్నాడు. రోజూ పొద్దున మిషన్లు పెట్టుకుని పెరట్లో కూర్చుని, ఎవరికి ఏది వినపడిందో టిక్కులు పెడుతున్నాడు. తేనెపిట్టకి ఫిబ్రవరి చివర్నుంచి రెండు గళ్లలోనూ టిక్కులున్నాయి. ఊరి చెరువు దగ్గర లకుముకికి ఒకరోజు ఉంది, ఒకరోజు లేదు. ఫ్లవర్‌పెకర్‌కి మాత్రం 'ఫోనుకి' గడిలో టిక్కు, 'నాకు' గడి మొత్తం ఖాళీ. ఆ పిట్ట పేరు దగ్గర ఆయన 'బదనిక దొంగ' అని రాసుకున్నాడు.

నేను పేజీలు తిప్పుతుంటే ఫోను మోగినట్టు పక్కన ఆయన తెర వెలిగింది. నాన్న కళ్లజోడు సర్దుకుని మామిడి కొమ్మల్లోకి చూశాడు, కాసేపు వెతికాడు. "అదిగో," అని వేలు చూపించాడు, "ఎండుకొమ్మ పక్కన. దొరికినాడు." పెన్ను తీసి, ఆ పేజీలో పక్కన ఇంకో గీత గీసి, కొత్త గడి మీద 'కంటికి' అని రాసి టిక్కు పెట్టాడు. తర్వాత గెడ తెచ్చుకుని బదనిక నరకడానికి లేచాడు.